బొగ్గు బస్సు నుంచి భూగర్భ గ్యాసు దాకా

బండారులంక వీధిలో నడుస్తూ ఉంటే రెండు చప్పుళ్లు చెవిని పడతాయి. ఇళ్ల లోపలి నుంచి వచ్చే మగ్గం టకటకలు ఒకటి, వీధిలో దూసుకుపోయే మోటారు సైకిలు రొద రెండోది. ఈ రెంటికీ సంబంధం ఏమిటని అడిగితే ఎవరైనా నవ్వుతారు. సంబంధం లేకపోలేదు. రెండూ శక్తి మీద నడిచేవే. మగ్గానికి ఆ శక్తి మనిషి కాళ్లూ చేతులూ ఇస్తాయి. మోటారు సైకిలుకు లీటర్ల లెక్కన బంకులో కొనుక్కుంటాం.

ఒక్కసారి రెంటినీ ఒకే తక్కెడలో వేసి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి పూటంతా ఆగకుండా చేయగల శ్రమ బలం సుమారు 75 వాట్లు. అంటే వెనకటి రోజుల గాజు బల్బు ఒక్కటి వెలిగేంత. ఆ లెక్కన 8 గంటలు కష్టపడితే కరెంటు బిల్లు భాషలో అర యూనిట్‌కు కాస్త ఎక్కువ, 0.6 యూనిట్ అవుతుంది. లీటరు పెట్రోలులో దాగి ఉన్న శక్తి సుమారు 9 యూనిట్లు. ఇంజను అందులో ముప్పాతిక వంతు వేడిగా, పొగగా పోగొట్టుకుని పావు వంతే చక్రానికి అందిస్తుందనుకున్నా, రెండుంబావు యూనిట్లు మిగులుతాయి. అంటే లీటరు పెట్రోలు ఒక మనిషి నాలుగు రోజుల రెక్కల కష్టంతో సమానమన్నమాట! నేత పనికి ధర కట్టేది పనితనాన్ని బట్టి గనుక ఈ లెక్క దానికి వర్తించదు. ఇక్కడ చూస్తున్నది ఒట్టి బలం సంగతే.

నాలుగు రోజుల కష్టాన్ని అరగంటలో కాల్చేస్తున్నామని బండి ఎక్కినప్పుడు మనకు తోచదు. బంకులో పెట్రోలు దొరికినంత కాలం ఎవరికీ తోచదు. అది దొరకకుండా పోయిన రోజులు మాత్రం ఈ గోదావరి సీమ చూసింది. ఆ తరువాత నలభై ఏళ్లు తిరగకుండానే, అలాంటి ఇంధనమే మన కాళ్ల కింద పడి ఉన్నదనీ తెలిసింది. ఆ రెండు కథల మధ్య మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

నీళ్లే రోడ్లయిన రోజులు

మోటార్లు రాక మునుపు కోనసీమలో బరువు మోసింది నీళ్లే. కాటన్ దొర ధవళేశ్వరం వద్ద 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆ కాలువలు పొలాలు తడపడానికేనని నేటి కుర్రవాళ్లు అనుకుంటారు. పడవలు నడవడానికి కూడా వీలుగానే వాటిని తవ్వారు. లాకుల తలుపులు పడవల కోసం వేసినవే. గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా కాలువనే దాటించిన అక్విడక్టు సంగతి అందరికీ తెలిసిందే. 49 కమానుల మీద నిలబెట్టిన ఆ కట్టడంతో కింద నది, పైన కాలువ, కాలువలో పడవ. ఇంతకన్నా వింత ఏం కావాలి?

కాలువ గట్టున తాడు పట్టుకుని ఇద్దరు ముగ్గురు మనుషులు నడుస్తూ ఉంటే, వెనకాల ధాన్యపు బస్తాలతో గూటి పడవ కదిలి వచ్చేది. అదే బరువు రోడ్డు మీద లాగాలంటే ఎన్ని జతల ఎడ్లు కావాలో లెక్క వేసుకోవచ్చు. నీటి మీద రాపిడి తక్కువ. నిదానంగా లాగితే కొద్ది బలంతో పెద్ద బరువు కదులుతుంది. అందుకే కాటన్ ఈ దేశానికి రైళ్ల కన్నా పడవ కాలువలే చవక అని లండనులో సైతం వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు. రైళ్లు వచ్చాయి, వాటి వెనకే మోటారు బస్సులూ వచ్చాయి.

యుద్ధం తెచ్చిన కరువు

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. మన ప్రాంతానికి దాని సెగ మొదట తగిలింది రైలు పట్టాలకు. 1928లో వేసిన కాకినాడ - కోటిపల్లి రైలు మార్గాన్ని యుద్ధ అవసరాల పేరిట 1940 ప్రాంతంలో ఊడబెరికారు. ఆ దారిన మళ్లీ రైలు కూత వినబడడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది.

తరువాతి దెబ్బ పెట్రోలుకు తగిలింది. 1941లో పెట్రోలుకు రేషను పెట్టారు. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమైంది. దానితో బర్మా నూనె బావుల నుంచి మనకు వచ్చే సరుకు ఆగిపోయింది. ఆ మరుసటి నెల, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధమంటే పత్రికల్లో చదివే సంగతి అనుకున్న గోదావరి జిల్లా వాళ్లకు అది గుమ్మంలోకి వచ్చినట్టయింది.

ఉన్న పెట్రోలు సైన్యానికే చాలదు. మరి బస్సులు ఎలా నడవాలి? ఆ ప్రశ్నకు జవాబే బొగ్గు బస్సు.

వెనకాల కుంపటి, ముందు ఇంజను

బొగ్గు బస్సు అంటే రైలింజనులా ఆవిరి మీద నడిచేదని కొందరు పొరబడతారు. ఆవిరికి దీనికి సంబంధం లేదు. బస్సు అదే, ఇంజనూ అదే. వెనకాల నిలువుగా ఒక పెద్ద ఇనప పీపా బిగించేవారు. దానిలో పైనుంచి కర్రబొగ్గు పోసి, కింద నిప్పు పెట్టి, గాలి మాత్రం సరిపడా అందకుండా కట్టడి చేసేవారు.

కిటుకంతా అక్కడే ఉంది. గాలి బాగా ఆడితే బొగ్గు పూర్తిగా కాలి బూడిద అవుతుంది. గాలి చాలకపోతే సగం కాలి, మళ్లీ మండగల వాయువును వదులుతుంది. ఆ వాయువును గొట్టాల్లో చల్లార్చి, మసి దిగేందుకు పీచు, గుడ్డ వంటి వాటి గుండా వడకట్టి, గాలి కలిపి ఇంజనులోకి పంపేవారు. పెట్రోలు ఆవిరి చేసే పనే అది చేసేది.

బస్సు బయలుదేరడానికి ముందు క్లీనరు వెనకాల నిలబడి తిరగలి తిప్పినట్టు గాలిమర పిడి తిప్పేవాడు. నిప్పు రాజుకుని గ్యాసు సరిగా పుట్టే వరకూ ప్రయాణికులు కూర్చుని ఎదురు చూడవలసిందే. బయలుదేరాక కూడా ఇంజను బలం పెట్రోలుతో ఉన్నదానిలో మూడో వంతుకు పైగా తగ్గిపోయేది. ఎత్తు ఎక్కవలసిన చోట జనం దిగి తోయవలసి వచ్చేది. టిక్కెట్టు కొన్నవాడే బస్సును తోయడం ఆనాటి చమత్కారం. లీటరు పెట్రోలు చేసే పనికి సుమారు కిలోన్నర బొగ్గు కావలసి వచ్చేది. మధ్య మధ్య ఆగి బూడిద దులపాలి, బొగ్గు పొయ్యాలి.

మనం అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. మధురలో టి.వి. సుందరం అయ్యంగారు స్థాపించిన సంస్థ ఇలాంటి యంత్రాన్నే ‘టీవీఎస్ గ్యాస్ ప్లాంట్’ పేరుతో తయారు చేసింది. నేడు రోడ్ల మీద కనబడే మోపెడ్‌ల, స్కూటర్ల పేరులోని టీవీఎస్ ఆ కుటుంబానిదే.

ప్రపంచమంతా ఇదే పాట్లు

ఇదేదో బీద దేశపు తిప్పలని అనుకోనక్కరలేదు. ఈ పద్ధతిని కట్టెలతో నడిచేటట్టు తీర్చిన వాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్సుకు చెందిన జార్జ్ ఇంబెర్. యుద్ధ కాలంలో జర్మనీ, స్వీడన్, ఫ్రాన్సు వంటి దేశాల్లో లక్షల కొద్దీ బండ్లు కట్టెల మీద, బొగ్గు మీద నడిచాయి. ఇంగ్లాండులో కొన్ని బస్సుల నెత్తిన పెద్ద గుడ్డ తిత్తి కట్టి, ఇళ్లకు సరఫరా చేసే గ్యాసును అందులో నింపి నడిపారు. గాలి బలంగా వీస్తే తిత్తి ఊగేది. చైనాలో కొన్ని ఊళ్లలో ఇలాంటి తిత్తి బస్సులు ఆ తరువాత కూడా చాలా ఏళ్లు తిరిగాయి.

కొబ్బరి నాటే మన సీమవాళ్లు తెలుసుకోదగ్గ ముచ్చట మరొకటి ఉంది. డీజిలు ఇంజను డీజిలు కోసమే పుట్టిందని అనుకుంటాం. 1900లో పారిస్ ప్రదర్శనలో అలాంటి ఇంజను ఒకదాన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. పసిఫిక్ మహాసముద్రంలో బూగన్‌విల్ అనే దీవి ఉంది. 1990లలో అక్కడ పోరాటం సాగినప్పుడు దీవికి సరుకులు రాకుండా దిగ్బంధం చేశారు. డీజిలు చుక్క దొరకలేదు. ఆ దీవివాళ్లు తమ చెట్ల కొబ్బరి నుంచే నూనె తీసి బండ్లకు పోసి నడిపారు. మంచి ఎండ ఉండే దేశంలోనే ఇది కుదురుతుంది. ఎందుకంటే కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల వద్దే పేరుకుంటుంది. మన ఇళ్లలో మార్గశిర, పుష్య మాసాల్లో సీసాలో నూనె గడ్డ కట్టడం చూడనిదెవరు?

కొబ్బరి చిప్పను కూడా తీసిపారేయరాదు. చిప్ప బొగ్గు గట్టిది, బూడిద తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి సైనికులను కాపాడిన ముసుగుల్లో గాలి శుద్ధి చేసింది ప్రత్యేకంగా కాల్చిన చిప్ప బొగ్గే. తాగునీటిని వడగట్టే యంత్రాల్లో ఈనాటికీ అది వాడతారు.

బొగ్గు బస్సు నేర్పిన పాఠం

బొగ్గు బస్సులో ప్రమాదం కూడా పొంచి ఉండేది. బొగ్గు సగం కాలినప్పుడు పుట్టే వాయువులో ముఖ్యమైనది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడికి తల నొప్పి, కళ్లు తిరగడం, మత్తు. ఆ మత్తులోనే ప్రాణం పోతుంది. అందుకే మూసిన షెడ్డులో గ్యాసు పుట్టించరాదని డ్రైవర్లను హెచ్చరించేవారు.

ఈ పాఠం బొగ్గు బస్సుతో పోయేది కాదు. చలికాలంలో బాలింత గదిలో తలుపులన్నీ బిగించి కుంపటి పెట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. ఆ కుంపటిలో పుట్టేది కూడా ఆ వాయువే. మూసిన గదిలో జనరేటరు నడిపినా అంతే. కిటికీ ఒకటి తెరిచి ఉంచినంత మాత్రాన చాలదు, ఇలాంటివి ఆరుబయటే ఉండాలి.

యుద్ధం ముగిసింది. పెట్రోలు మళ్లీ వచ్చింది. బొగ్గు బస్సులు మూలపడ్డాయి. పీపాలు పాత ఇనుములో కలిశాయి.

కాళ్ల కింద నిధి

బొగ్గు మండించి గ్యాసు పుట్టించుకోవడానికి అంత అవస్థపడ్డ రోజుల్లో, అంతకన్నా మేలైన గ్యాసు ఈ గోదావరి నేల కింద లక్షల ఏళ్లుగా నిలవ ఉందని ఎవరికీ తెలియదు. నదులు మోసుకొచ్చిన ఒండ్రుమట్టి పొర మీద పొర పేరుకుని, అందులో చిక్కిన జీవరాశి అవశేషాలు వేడికీ ఒత్తిడికీ మగ్గి గ్యాసుగా, చమురుగా మారాయి. మనకు వరి, కొబ్బరి ఇచ్చిన గోదావరే లోపల ఇదీ దాచిందన్నమాట.

1978లో చమురు, సహజవాయువుల సంఘం, అదే ఓఎన్‌జీసీ, నరసాపురం వద్ద బావి తవ్వింది. 1983లో రాజోలు వద్ద గ్యాసు పడింది. ఆ తరువాత కోనసీమలో ఎత్తయిన రిగ్గులు, రాత్రిళ్లు కొబ్బరి తలల మీదుగా ఎర్రగా కనిపించే మంటలు మామూలయ్యాయి. తాటిపాకలో 2001లో ఏటా 66 వేల టన్నుల చమురు శుద్ధి చేయగల చిన్న రిఫైనరీ వచ్చింది. దేశంలోని పెద్ద రిఫైనరీల పక్కన పెడితే ఇది పసిబిడ్డ.

గ్యాసు మాత్రం గొట్టాల గుండా దూరాలకు పోయింది. విజ్జేశ్వరం, జేగురుపాడు, కాకినాడ, విజయవాడ దగ్గరి కొండపల్లి వంటి చోట్ల కరెంటు పుట్టించింది. ఇందులో ఒక వింత మలుపు ఉంది. 1992లో కాకినాడలో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల ఫ్యాక్టరీ ఈ గ్యాసునే ముడిసరుకుగా వాడింది. గ్యాసులోని హైడ్రోజనును గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేసి, దాని నుంచి యూరియా తీస్తారు. అంటే గోదావరి పొలాల అడుగు నుంచి బయలుదేరిన గ్యాసు బస్తాలోకెక్కి, మళ్లీ పొలానికే ఎరువై దిగింది.

ఇవాళ రోడ్ల మీద తిరిగే సీఎన్‌జీ ఆటోలు వాడేది కూడా సహజవాయువే. గాలి ఒత్తిడికి సుమారు రెండు వందల రెట్లు అదిమి సిలిండరులో నింపుతారు. బొగ్గు బస్సులో మండింది ఒక రకం గ్యాసు, సీఎన్‌జీ ఆటోలో మండేది మరో రకం గ్యాసు. క్లీనరు పిడి తిప్పే బాధ తప్పిందంతే.

నిధి కోరిన మూల్యం

1995 జనవరి 8న పాశర్లపూడి ప్రాంతంలో తవ్వుతున్న బావి నుంచి గ్యాసు అదుపు తప్పి ఎగజిమ్మి అంటుకుంది. రెండున్నర కిలోమీటర్లకు మించిన లోతు నుంచి తన్నుకొచ్చిన వాయువు అది. బావి తవ్వేటప్పుడు గొట్టంలో బరువైన బురద ద్రావణం నింపి ఉంచుతారు. కింది నుంచి గ్యాసు తోసే ఒత్తిడిని ఆ బురద బరువు అణచిపెడుతుంది. ఆ తూకం తప్పితే గ్యాసు పైకి తంతుంది. దాన్నే బ్లోఔట్ అంటారు. చుట్టుపక్కల ఊళ్ల జనం ఇళ్లు వదిలి పోయారు. ఆ ఊళ్లకు రాత్రి అన్నది లేకుండా పోయింది. అమెరికా నుంచి నిపుణులు వచ్చారు. రెండు నెలలకు పైగా మండిన మంట మార్చి 15న గాని అదుపులోకి రాలేదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో జరిగినది మరీ ఘోరం. తాటిపాక నుంచి విజయవాడ వైపు గ్యాసు తీసుకుపోయే గెయిల్ సంస్థ గొట్టం తుప్పు పట్టి చిల్లు పడింది. గ్యాసు నిశ్శబ్దంగా ఊరి మీద పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగలగానే ఊరు ఊరే అంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్లు, అప్పుడే లేచినవాళ్లు, పిల్లలు, 20 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాసు పంపడం వల్ల లోపల నీరు చేరి ఇనుము తినేసిందని ఆ తరువాత విచారణలో తేలింది. నీళ్లు చేరితే ఇనుము తుప్పు పడుతుందన్నది మన ఇంటి నూతి బొక్కెన చూసినా తెలుస్తుంది. ఆ చిన్న సంగతి పట్టించుకోనందుకు అంత పెద్ద మూల్యం!

ప్రతి ఇంటా తెలియవలసినవి

మన వంటింటి సిలిండరు లీకయితే వెంటనే ముక్కుకు తెలుస్తుంది. అది ఆ గ్యాసు సహజ గుణం కాదు. లీకును పసిగట్టేందుకు కంపెనీలవాళ్లు ఘాటైన వాసన కలిపే మందు వల్ల వస్తుంది. నేల నుంచి తీసిన సహజవాయువుకు దానంతట అది ఆ వాసన ఉండదు. కనుక పెద్ద గొట్టాలు పోయే దారిలో ముక్కును నమ్ముకుని కూర్చుంటే చాలదు.

గొట్టం పోయే దారిలో నేల మీద బుస్సుమనే చప్పుడు వచ్చినా, బోదెలో నీళ్లు ఊరికే బుడగలు వేసినా, ఒకే వరసలో పచ్చగడ్డి అకారణంగా ఎండిపోయినా, మంచులా పొగ నేల మీద పరుచుకున్నా అనుమానించాలి. ఆ క్షణాన అగ్గిపుల్ల గియ్యరాదు. పొయ్యి వెలిగించరాదు. లైటు స్విచ్చి వెయ్యరాదు, వేసి ఉన్నది ఆర్పనూ రాదు. బండి స్టార్టు చెయ్యరాదు. గాలి వీచే దిక్కుకు అడ్డంగా, ఎత్తు ప్రదేశానికి నడిచిపోయి, అక్కడి నుంచే ఫోను చెయ్యాలి. గొట్టం దారి పొడుగునా నాటిన గుర్తు రాళ్ల మీద, బోర్డుల మీద నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు ఇంటి గోడ మీద పాలవాడి లెక్క పక్కనే రాసి పెట్టుకుంటే మేలు. గొట్టం మీద బోరు వెయ్యడం, చెరువు తవ్వడం చేతులారా ముప్పు తెచ్చుకోవడమే.

సిలిండరు గ్యాసు సంగతి వేరు. అది గాలి కన్నా బరువు, నేలనంటి గుమ్మం దాకా పాకుతుంది. అందుకే వంటింట్లో నేలకు దగ్గరగా గాలి పోయే దారి ఉండాలి. సహజవాయువులో ముఖ్యమైన మీథేన్ గాలి కన్నా తేలిక, పైకి పోతుంది. అయితే తేమతో, చమురు ఆవిరితో కలిసి వచ్చినప్పుడు అదీ నేల మీదే తిష్ఠ వేస్తుంది. నగరంలో జనం తప్పించుకోలేకపోవడానికి ఒక కారణం ఇదే.

గొట్టాలను వేళకు పరీక్షించడం, పాతవాటిని మార్చడం సంస్థల పని. ఆ పని జరుగుతున్నదా అని గ్రామసభలో నిలదీసి అడగడం మన పని. నగరం దుర్ఘటనకు ముందు కూడా అక్కడి జనం గ్యాసు లీకుల గురించి మొర పెట్టుకున్నారన్న సంగతి మరువరాదు.

లీటరు పెట్రోలు నాలుగు రోజుల మనిషి కష్టమని మొదట లెక్క వేసుకున్నాం. అంత బలమున్న సరుకు ఊరి నడుమ గొట్టంలో రాత్రింబవళ్లు పారుతూ ఉంటే, దాని గుణదోషాలు ఇంజనీర్లకే కాక, గొట్టం పక్కన ఇల్లు కట్టుకున్నవాడికీ తెలిసి ఉండాలి. బొగ్గు బస్సు క్లీనరుకు పెద్ద చదువేమీ లేకపోయినా, తాను తిప్పే పిడి వెనకాల ఏం పుడుతున్నదో తెలుసు. కనుకనే షెడ్డు తలుపు తీసి పెట్టేవాడు. ఆ పాటి తెలివిడి ఈనాడు గ్యాసు గొట్టాల పక్కన బతికే మన ఊళ్లన్నింటికీ అవసరం.